మా లాబ్రడార్ ఉన్నట్టుండి లేవడం మానేశాడు, ఏమైందో ఎవరూ చెప్పలేకపోతున్నారు

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా బుజ్జిగాడు లాబ్రడార్, నాలుగేళ్లు నిండాయి, ఇంతవరకు జబ్బు పడింది లేదు, గేటు చప్పుడైతే చాలు ఇల్లు పీకి పందిరేసేవాడు. అలాంటోడు మొన్న ఆదివారం చికెన్ వండితే గిన్నె దగ్గరికే రాలేదు. అదేంటిరా అని పిలిస్తే కళ్లు మాత్రం ఎత్తి చూశాడు. సాయంత్రానికి వెనక కాళ్లు ఈడుస్తూ నడుస్తున్నాడు, ఒళ్లు కాలిపోతోంది. డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే జ్వరం 104 పైన ఉంది, ఎండ దెబ్బ అయ్యుండొచ్చు అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. రాత్రికి జ్వరం దిగి కాస్త తోక ఊపాడు, హమ్మయ్య అనుకున్నాం, తెల్లారేసరికి మళ్లీ మొదటికొచ్చింది. రక్తపరీక్ష ఏదీ చెయ్యలేదు.

ఇవాళ పొట్ట నిమురుతుంటే చూశాను, తొడల లోపలివైపు చర్మం మీద సూదితో పొడిచినట్టు సన్నగా ఎర్ర చుక్కలు. వేలితో నొక్కినా చెరగట్లేదు. చిగుళ్లు కూడా ఎప్పుడూ ఉండే గులాబీ రంగులో లేవు, తెల్లగా పాలిపోయాయి. వాంతులు లేవు, విరేచనాలు లేవు. వ్యాక్సిన్లు అన్నీ టైముకి వేయించాం.

అమ్మ ఉప్పూ మిరపకాయలూ తీసి దిష్టి తీసింది. నాన్నేమో ఎవరో ఏదో పెట్టేసుంటారు అని పక్కింటివాళ్ల మీద అనుమానం పడుతున్నారు, ఇంట్లో అదొక గొడవ. ఎదురింటి పెద్దాయన డోలో సగం ముక్క వెయ్యి తగ్గిపోద్ది అంటున్నారు. వెయ్యొచ్చా? ఇలా ఎవరికైనా జరిగిందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, వాడి పక్కనే కూచుని టైప్ చేస్తున్నా.

కరీంనగర్_కుక్కలోడు:
అక్కా ముందుగాల డోలో మాత్రం ఇయ్యకు. మనకు పనిచేసినట్టు కుక్కలకు పనిచెయ్యదు, లివర్ ఖరాబ్ అయితది. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ అయితే ఇంకా డేంజర్, కడుపుల పుండ్లు పడి రక్తం కారుతది, కిడ్నీలు పోతయి. ఆ ఎర్ర చుక్కలు చర్మం కింద రక్తం కారుతున్నట్టు, ఇట్లాంటప్పుడు ఆ గోలీలు పడితే ఇంక చెప్పనక్కర్లేదు.

నువ్వు చెప్పింది చదువుతుంటే మా జిమ్మీ గుర్తొచ్చిండు. అచ్చం గిట్లనే, పొద్దున దాకా ఎగిరిండు, మాపటికి పడిపోయిండు. టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టి వచ్చే జ్వరం అని తేలింది. ఒక్కసారి చెవుల లోపల, చెవి మడతల కింద, కాలి వేళ్ల సందుల్ల, తోక మొదట్ల, మెడ పట్టీ కింద మంచిగ చూడు పిడుదులున్నయేమో. కనపడకపోయినా లేదని అనుకోకు, ఎప్పుడో కుట్టి రక్తం తాగి రాలిపోయి ఉంటయి, జ్వరం రెండు మూడు వారాలకు బయటపడుతది. కనపడితే చేత్తోని నలపకు, ట్వీజర్‌తోని తల దగ్గర పట్టి మెల్లగ గుంజు.

రేపటి దాకా ఆగకు. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా సరే, సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చెయ్యుండ్రి సార్, ప్లేట్‌లెట్స్ చూడుండ్రి అని నువ్వే అడుగు. అడిగితే తప్పేం లేదు.

గన్నవరం_ఇంటర్న్:
అండీ, నేను వెటర్నరీ చదువు పూర్తి చేసి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా. కుక్కని చూడకుండా జబ్బు పేరు చెప్పడం కరెక్ట్ కాదు, కానీ మీరు రాసిన లక్షణాలకి మన ఊళ్లల్లో ముందు అనుమానించాల్సింది గోమార్ల (పిడుదుల) వల్ల వచ్చే జ్వరాలే, పై అన్న చెప్పింది నిజం.

వీటిల్లో ముఖ్యంగా రెండు ఉంటాయి. ఎర్లీకియా అనేది బ్యాక్టీరియా, తెల్లరక్తకణాల్లో దూరి కూచుంటుంది, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అందుకే చర్మం మీద చుక్కలు, కొన్నిటికి ముక్కులోంచి రక్తం. దీన్ని 1935లో అల్జీరియాలో మొదట గుర్తించారు, తర్వాత వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు వందల్లో దీనికే పోయాయి, కాబట్టి మీ ఇంట్లో ఏదో లోపం వల్ల వచ్చింది అనుకోవద్దు, ఎంత బాగా పెంచిన కుక్కకైనా ఒక్క గోమారి చాలు. రెండోది బాబీసియా, ఇది ఎర్రరక్తకణాల్లోకి దూరి వాటిని పగలగొడుతుంది, చిగుళ్లు తెల్లబడతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. రెండూ ఒకేసారి ఉన్న కుక్కలు కూడా చాలా వస్తాయి. మందులు మాత్రం వేరు వేరు, ఎర్లీకియాకి డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది, బాబీసియాకి అది ఒక్కటే సరిపోదు, అందుకే ఏదో ఒక మందు మొదలెట్టేశాం కదా అని పరీక్ష మానెయ్యకూడదు.

రక్తం స్లైడ్ మీద చూసి ఏమీ కనపడలేదు అంటే జబ్బు లేదని కాదు. స్లైడ్‌లో ఎర్లీకియా దొరకడం చాలా అరుదు. యాంటీబాడీ కిట్ టెస్ట్ కూడా జబ్బు మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు. పీసీఆర్ (రక్తంలో ఆ క్రిమి జన్యువుని వెతికే ల్యాబ్ పరీక్ష) అయితే నమ్మకం ఎక్కువ, కాకపోతే రిజల్ట్‌కి టైమ్ పడుతుంది. అందుకే ప్లేట్‌లెట్లు బాగా తక్కువ ఉండి మిగతా లక్షణాలు కలిస్తే చాలామంది డాక్టర్లు రిపోర్ట్ కోసం ఆగకుండా మందు మొదలెడతారు.

ఇవి కాక ఇంకో రెండు ఉన్నాయి, డాక్టర్ గారికి తప్పకుండా చెప్పండి. ఇంట్లోగానీ పక్క పొలంలోగానీ ఎలకల మందు పెట్టారా? అది తిన్న రోజు ఏమీ తెలీదు, కొన్ని రోజుల తర్వాత రక్తం గడ్డకట్టడం ఆగిపోయి ఒక్కసారిగా పడిపోతాయి, దానికి విటమిన్ కె1 ఇస్తారు. అలాగే వాన నీళ్లల్లో చెరువు గట్ల మీద తిరిగే కుక్కలకి ఎలకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కళ్లు పచ్చబడతాయి, ఇది మనుషులకీ అంటుకుంటుంది కాబట్టి తేలేదాకా వాడి మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపు మళ్లీ రంగు రావాలి. ఆలస్యమవుతున్నా, చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నా, ముక్కులోంచి రక్తం ఆగకపోయినా, ఆయాసపడుతున్నా అర్ధరాత్రైనా బయల్దేరండి. మీకు దగ్గర్లో రక్తపరీక్ష వసతి లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, కాకపోతే వెళ్లేముందు ఫోన్ చేసి టైమింగ్స్ కనుక్కోండి.

గోదారిగట్టు:
మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నిన్న మెసేజ్‌లు చూసిన వెంటనే కారు మాట్లాడుకుని టౌన్‌లో వేరే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం, ఆవిడ చుక్కలు చూడగానే రక్తం తీశారు. ప్లేట్‌లెట్లు 31 వేలు, కనీసం 2 లక్షలు ఉండాలట. స్లైడ్‌లో ఏమీ కనపడలేదు అన్నారు, అదే ఇక్కడ ముందే చదివి ఉండకపోతే నేను అక్కడే కూలబడిపోయేదాన్ని. పీసీఆర్‌కి శాంపిల్ పంపి డాక్సీసైక్లిన్ మొదలెట్టారు, నాలుగు వారాలు మానకుండా వెయ్యాలట, సెలైన్ పెట్టారు. ఎలకల మందు సంగతి అడిగితే అమ్మ ఇల్లంతా వెతికింది, మేము పెట్టలేదు, పక్కింటివాళ్లూ పెట్టలేదని వాళ్లే వచ్చి చెప్పారు, నాన్న కాస్త చల్లబడ్డారు.

కానీ వాడు ఏమీ తినట్లేదు. డాక్టర్ గారేమో ఖాళీ కడుపున మాత్ర వెయ్యొద్దన్నారు. నేను రాత్రంతా వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి ఉందా లేదా అని చూసుకుంటున్నా. పేరు కూడా తేలని జబ్బు ఇంత భయపెడుతుందని ఇప్పుడే తెలిసింది. ఏదో ఒక పేరు చెప్పేస్తే బాగుండు అనిపిస్తోంది.

విశాఖ_వాసంతి:
అమ్మా, నీ మాటలు చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా స్పిట్జ్ రెండేళ్ల కిందట ఇలాగే ఉన్నట్టుండి పడిపోయింది. అన్ని పరీక్షలూ చేశారు, స్కానింగ్ కూడా చేశారు, చివరిదాకా ఇది ఫలానా అని తేలలేదు, దక్కలేదు. నీకు భయం పెట్టడానికి చెప్పట్లేదు, నీ బుజ్జిగాడికి ప్లేట్‌లెట్లు అనే ఆధారం దొరికింది, మందు మొదలైంది, అది చాలా పెద్ద సంగతి. నేను చెప్పాలనుకుంది ఇంకోటి.

పేరు తెలియనప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరినొకరు అనుకోవడం మొదలవుతుంది. నువ్వే బయటికి వదిలావు, నువ్వే ఆ బిస్కెట్ పెట్టావు అని. మా ఇంట్లో మా ఆయనా నేనూ ఆ వారమంతా మాట్లాడుకోలేదు, దానికి అవసరమైన రోజుల్లో. మీ నాన్నగారి కోపం కూడా ప్రేమే, ఎవరో ఒకరు కారణం అయితే తట్టుకోవడం తేలిక అనిపిస్తుంది మనిషికి. ఆయనకి ఒక పని అప్పజెప్పు. జ్వరం ఎంతుందో, నీళ్లు ఎన్నిసార్లు తాగాడో, మూత్రం ఏ రంగులో పోశాడో, మాత్ర ఎప్పుడు వేశారో ఒక పుస్తకంలో రాయమను. డాక్టర్‌కి అది నిజంగా పనికొస్తుంది, ఆయనకీ చేతిలో ఏదో ఉన్నట్టుంటుంది. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, మన లెక్కలో చూసి కంగారుపడొద్దు.

నువ్వు కూడా రాత్రిళ్లు అమ్మతో వంతులు వేసుకుని పడుకో. దిష్టి తీసినందుకు అమ్మని ఏమీ అనకు, దానివల్ల వాడికి నష్టమేం లేదు, మందు ఆపనంతవరకు.

తిండి సంగతి: ఉప్పూ కారం ఉల్లిపాయ ఏమీ వెయ్యకుండా చికెన్ ఉడికించి ఆ నీళ్లు గోరువెచ్చగా చేసి ముక్కు దగ్గర పెట్టు, వాసనకి లేస్తారు కొందరు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తానికే చెడ్డవి, ఇప్పుడైతే అసలు తగలకూడదు. సిరంజితో పట్టాల్సి వస్తే పడుకోబెట్టి పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాడి ఛాతీ నేలకి ఆనేలా బోర్లా కూచోబెట్టి బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా, వాడు మింగాక ఇంకాస్త.

గన్నవరం_ఇంటర్న్:
వాసంతి గారు చెప్పినవన్నీ పాటించండి. వాంతి వచ్చేలా ఉంటే డాక్టర్ గారికి చెప్పండి, తిండి దిగడానికి వేరే మందు ఇస్తారు. మాత్ర వేశాక నాలుగైదు సిరంజిల నీళ్లు పట్టండి, లేకపోతే గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది. పాలు, పెరుగుతో మాత్రం కలపొద్దు, మందు సరిగ్గా ఒంటికి పట్టదు. ఎర్లీకియా అయితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగి కుక్క తేరుకోవాలి, తేరుకోకపోతే బాబీసియా గానీ ఇంకోటి గానీ అని మళ్లీ వెతకాలి, మీ డాక్టర్ గారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. ఆట, పరుగు, స్నానం ఏమీ వద్దు ఇప్పుడు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు చిన్న దెబ్బకే లోపల రక్తం కారుతుంది, మెట్లు ఎక్కనివ్వకండి.

కరీంనగర్_కుక్కలోడు:
అక్కా ఇంకో ముచ్చట, ఇల్లు మర్చిపోకు. పిడుదు కుక్క మీద ఉండేది తక్కువ, గోడల పగుళ్లల్ల, తలుపు చౌకట్ల సందుల్ల, మంచం కింద ఉండేదే ఎక్కువ. ఒక్కో ఆడ పిడుదు వేలల్ల గుడ్లు పెడుతది, తిండి లేకున్నా నెలలు బతుకుతది. కుక్కకు మందేసి ఇంటిని వదిలేస్తే మళ్లా వస్తయి. పడుకునే గోనెసంచులు, దుప్పట్లు వేడినీళ్లల్ల ఉతికి ఎండల వెయ్యి. పగుళ్లు సిమెంట్‌తోని మూసెయ్యి. కిరోసిన్, ఫినాయిల్ కుక్క ఒంటి మీద రాస్తరు కొందరు, అట్ల చెయ్యకు, నాకితే విషం. మూడు నెలలు పనిచేసే మాత్రలున్నయి పిడుదులకు, వాడు కోలుకున్నంక ఎప్పుడు ఇయ్యాలో డాక్టర్‌ను అడుగు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చినయంటే ముందే చెప్పాలె. ఇంట్ల పిల్లి ఉంటే కుక్కల స్ప్రే దానికి తగలనియ్యకు, పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉన్నవైతే పిల్లులు సచ్చిపోతయి.

గోదారిగట్టు:
ఇవాళ పొద్దున్న చికెన్ నీళ్లు నాకాడు! గిన్నెలో సగం తాగాడు, తర్వాత ఒక ముక్క కూడా నమిలాడు. జ్వరం 102.4 అని నాన్న పుస్తకంలో రాసి రెండుసార్లు గీత గీశారు. కొత్త చుక్కలు రాలేదు. చిగుళ్లు ఇంకా పాలిపోయే ఉన్నాయి, రేపు మళ్లీ సీబీసీ చెయ్యాలి, పీసీఆర్ ఇంకా రాలేదు. చెవి లోపల ఎండిపోయిన గోమారి ఒకటి దొరికింది, నాలుగు వైపులా వెతికితే వాడు పడుకునే వరండా మూలన గోడ పగుల్లో ఇంకొన్ని. రేపు తాపీ మేస్త్రి వస్తున్నాడు.

ఒక్కటి అడగాలి. అమ్మ వాడికి రోజూ పెరుగన్నమే పెట్టేది, ఇప్పుడు వాడు కాస్త తింటున్నాడని మళ్లీ అదే కలిపింది. మాత్ర పొద్దున్న వేస్తే సాయంత్రం పెరుగన్నం పెట్టొచ్చా?

గన్నవరం_ఇంటర్న్:
చాలా సంతోషం అండీ! మాత్రకి ముందూ వెనకా రెండు మూడు గంటలు తేడా ఉంటే చాలు, సాయంత్రం కొంచెం పెట్టొచ్చు, అన్నం మెత్తగా ఉడికించమనండి. రోజుకి రెండు మాత్రలైతే రెంటికీ ఆ తేడా చూసుకోండి. రేపటి కౌంట్ వచ్చాక ఇక్కడ రాయండి, పెద్దగా పెరగకపోయినా తగ్గకుండా ఉంటే అదీ మంచిదే.