అమ్మవారి తోపును కాపాడేది భక్తా, చట్టమా?

వంశధార ఒడ్డు:
మాది పాతపట్నం వైపు ఊరు. ఊరి చివర అమ్మవారి తోపు ఉంది. మర్రి, నేరేడు, కానుగ, వాటిని అల్లుకున్న తీగలు. ఎండుపుల్ల ఏరడానికి కూడా ఎవరూ లోపలికి వెళ్లేవారు కాదు. ఈసారి వెళ్తే అమ్మవారికి రేకుల షెడ్డు, చుట్టూ టైల్స్. నేరేడు మొదలు దాకా సిమెంట్ పోసేశారు. అడ్డొచ్చిన కానుగలు కొట్టించింది మనవాళ్లే. భక్తి వల్లే అడవులు మిగిలాయంటారు కదా, మరి దీన్ని ఏమనాలి?

గంటస్తంభం:
భక్తిని నమ్ముకుంటే అంతేనండి. మా విజయనగరంలో పైడితల్లమ్మ పండక్కి ఏటా సిరిమానుకొకటి (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను అది), దాని ఇరుసుకొకటి నిండు చింతమాన్లు కొడతారు. అమ్మ పూజారి కలలో చెప్పిందంటే ఇంక అడ్డు చెప్పేవారుండరు. అడవి మిగలాలంటే చట్టం కావాలి, గార్డులు కావాలి.

కొండదారి టీచర్:
గంటస్తంభం గారూ, సిరిమానుకి పసుపు కుంకుమలు పెట్టి, ఊరంతా చూస్తుండగా కొడతారు. దాన్నీ రాత్రిపూట లారీల్లో పోయే కలపనీ ఒక గాటన కట్టకండి.

నేను ఏజెన్సీలో ఐదేళ్లు పాఠాలు చెప్పాను. మామిడికొత్త పండగ అయ్యేదాకా సవర గిరిజనుల ఇళ్లలో మామిడికాయ తినరు. మా క్లాసు పిల్లాడొకడు రాలిన కాయ తెచ్చుకుని, వాసన చూసి, మళ్లీ సంచిలో పెట్టేసుకునేవాడు. వాడికి కాపలా ఎవరున్నారు?

అలాగని భక్తి ఒక్కటే చాలదు. మన వంశధార పుట్టేది ఒడిశాలో నియంగిరి దాపుల్లోనే. అక్కడి డోంగ్రియా కోందు గిరిజనులకు ఆ కొండ వాళ్ల దేవుడు నియమ్‌రాజా ఉండే చోటు. అక్కడ బాక్సైట్ తవ్వుతామన్నప్పుడు, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభల మాట వినాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లలో సభలు పెడితే 12 ఊళ్లూ వద్దన్నాయి. నియమ్‌రాజా లేకపోతే వాళ్లు అంత గట్టిగా నిలబడేవారు కాదు. చట్టం లేకపోతే వాళ్ల మాట కోర్టు దాకా వచ్చేది కాదు.

వంశధార గారూ, అక్కడ కొండే గుడి. మీ ఊళ్లో అమ్మవారు చెట్టు కిందినుంచి షెడ్డులోకి మారింది. ఇప్పుడు టైల్స్ మీద ఆకు రాలితే ఊడ్చేవాళ్లకి చెత్తలా కనిపిస్తుంది. నేరేడు ఇంకా బతికే ఉందా?

గంటస్తంభం:
నియంగిరి మాట ఒప్పుకుంటాను. కానీ పలాస, మందస వైపు ఎన్ని కొండవాలులు జీడితోటలైపోలేదు? అక్కడా కొండదేవతలున్నారు. డబ్బొచ్చే పంట ముందు కట్టుబాటు నిలవలేదు.

వంశధార ఒడ్డు:
బతికే ఉందండి, ఒక పక్క కొమ్మ ఎండింది. ఆదివారం ఊరెళ్తున్నాను. మొదలు చుట్టూ రెండు గజాలు సిమెంట్ తీయించమని అడుగుతాను. ఒక్కణ్ణే అంటే టెన్షన్‌గా ఉంది. ఆ నేరేడుకి గాజులు కట్టి మొక్కుకున్న మనిషి మా నాయనమ్మ. ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్తాను.