నడుము నొప్పికి పెట్టే టెన్స్ యంత్రంతో తుంటికి బలం వస్తుందా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
అమ్మకు 58 ఏళ్లు. చాలాకాలంగా నడుము నొప్పి. అనంతపురం నుంచి మా ఇంటికి వచ్చాక ఇక్కడ క్లినిక్‌లో టెన్స్ (చర్మానికి ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పంపే యంత్రం) పెట్టిస్తున్నాం. పెట్టినంతసేపూ హాయిగా ఉంటుంది, పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే మళ్లీ మొదలు. మెట్లెక్కుతూ కుడికాలి మీద బరువు వేస్తే ఎడమ తుంటి కిందికి జారిపోతోంది. యంత్రం కొని ఇంట్లోనే పెడితే ఇదీ సర్దుకుంటుందా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, జయనగర్):
ఆ ఆశతో మాత్రం కొనకండి. టెన్స్ పని నొప్పిని మరిపించడం. 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన 'గేట్' సిద్ధాంతం దీనికి ఆధారం: స్పర్శను మోసే నరాలు చురుకైతే వెన్నుపాములో నొప్పి కబురుకు దారి ఇరుకవుతుంది. యంత్రం తీశాక చాలామందికి ఆ ఉపశమనం ఎక్కువసేపు నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలిక నడుము నొప్పికి దీన్ని మామూలు చికిత్సగా సిఫారసు చేయలేదు.

మీరు గమనించిన ఆ జారుడే అసలు సంగతి. కుడికాలి మీద నిలబడినప్పుడు కటిని సమంగా పట్టి ఉంచేది కుడి పిరుదు పక్కనుండే గ్లూటియస్ మీడియస్. నడుము నొప్పి పాతబడిన చాలామందిలో ఈ కండరం బలహీనంగా ఉంటుంది. దానికి పని చెబితేనే బలం. నేనైతే నొప్పి తగ్గిన ఆ కాస్త సమయాన్నీ వ్యాయామానికే వాడిస్తాను. ఎడమవైపుకు తిరిగి పడుకుని, కుడికాలును నిటారుగా మెల్లగా పైకెత్తాలి. మడమ కాస్త వెనక్కే ఉండాలి. కాలివేళ్లు పైకప్పు వైపు తిరిగాయంటే తొడ ముందు కండరాలు ఆ పని లాగేసుకున్నట్టే.

జవాబు (మడివాళ):
మా అత్తయ్య నడుముకు కొబ్బరినూనె రాసుకున్నాక ప్యాడ్లు అంటించేవారు. అంచు లేచిపోయి, అతుక్కున్న కాస్త చోటే సూదులు గుచ్చినట్టుండేది. సబ్బుతో కడిగి, పొడిగా తుడిచాకే పెట్టండి. పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు:
అమ్మను అడిగితే కుడిపాదం పైన తిమ్మిరి కూడా ఉందంటోంది.

జవాబు (ఫిజియోథెరపిస్టు):
అయితే వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టకండి. నేను చెప్పిన ఆ తుంటి కండరానికి వెళ్లే నరం ఎల్4, ఎల్5, ఎస్1 అనే, వెన్నెముక కింది భాగంలోని నరాల మూలాల నుంచి వస్తుంది. పాదం పైన తిమ్మిరి తరచుగా ఎల్5 నొక్కుకున్నప్పుడు వస్తుంది. కండరం బలహీనత, తిమ్మిరి రెండూ కుడివైపే ఉన్నట్టున్నాయి కాబట్టి ఈ వారంలోనే వెన్నెముక డాక్టరుకు చూపించండి. మడమల మీద నడవగలుగుతున్నారో లేదో చూసి ఆయనకు చెప్పండి. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ తెలియకపోయినా మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.