అమెరికాలో పాత ఫైర్ లుకౌట్ టవర్‌లో బస: ఏం చూసుకోవాలి?

నల్లకుంట నుంచి:
జూలై ఆఖర్లో మోంటానాలో ఫారెస్ట్ సర్వీస్ (అక్కడి అటవీ శాఖ) అద్దెకిచ్చే లుకౌట్ టవర్‌లో, అంటే అడవి మంటలు కనిపెట్టడానికి కట్టిన పాత కాపలా టవర్‌లో, 2 రాత్రులు ఉండాలని ప్లాన్. మేం నలుగురం, అమ్మకు మోకాళ్ల నొప్పులు. బుకింగ్, నీళ్లు, వంట, పిడుగుల సంగతి తెలిసినవాళ్లు చెప్పరా?

మల్కాజిగిరి నుంచి:
బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లోనండీ. చాలా టవర్లకు 6 నెలల ముందు, అక్కడి తూర్పు టైం ఉదయం 10కి తేదీలు తెరుస్తారు. మీకైతే జనవరి ఆఖర్లో, మన టైం రాత్రి 8:30. ముందే లాగిన్ అయి కూర్చోండి.

సాధారణంగా పైన కుళాయి ఉండదు. మనిషికి రోజుకు 4 లీటర్లు, అంటే 32. బియ్యం కడగడానికి, గిన్నెలకు ఇంకో 8. 20 లీటర్ల క్యాన్లు మాత్రం వద్దు. నిటారు మెట్లెక్కేటప్పుడు ఒక చెయ్యి రైలింగ్ మీదే ఉండాలి, 5 లీటర్లవి ఎనిమిది కొనండి. టాయిలెట్ కిందే ఉంటుంది, అర్ధరాత్రి అవే మెట్లు దిగాలి. అమ్మగారి కోసం నేలమీదే కట్టిన లుకౌట్ క్యాబిన్ వెతకండి, అలాంటివీ అద్దెకున్నాయి.

కూకట్‌పల్లి నుంచి:
7,000 అడుగుల ఎత్తులో నీళ్లు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. 3 లీటర్ల కుక్కర్ పట్టుకెళ్లండి, లేదా పెసరపప్పుతో సరిపెట్టుకోండి. గ్యాస్ పొయ్యి వెలిగిస్తే కిటికీ కాస్త తెరిచే ఉంచాలి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురు పట్టకండి, దుమ్ము లేస్తే హాంటా వైరస్ ప్రమాదం. గ్లవ్స్ వేసుకుని, 1 వంతు బ్లీచ్ 9 వంతుల నీళ్లలో కలిపి, బాగా తడిపి, 5 నిమిషాలాగి తుడవండి.

సైనిక్‌పురి నుంచి:
1930ల నాటి ఎల్-4 రకం గది 14 అడుగుల చదరం, నాలుగు వైపులా కిటికీలే. అందులో గాజు కాళ్ల పీట ఒకటి కనబడొచ్చు. ఉరుములప్పుడు కాపలావాళ్లు కరెంటు తగలకుండా దానిమీద నిలబడేవాళ్లు. మీరు దాన్ని నమ్ముకోకండి. దూరంగా మొదటి ఉరుము వినగానే దిగి కారెక్కి అద్దాలు మూసుకోండి. ఉరుము నెత్తిమీదికే వచ్చేస్తే ఇక మెట్లు దిగొద్దు. పొయ్యి, ఇనుప మంచం, తీగలు ముట్టకుండా గది మధ్యలో ఉండండి.

గదిలో ఆస్‌బోర్న్ ఫైర్ ఫైండర్ మిగిలి ఉంటే తప్పక చూడండి, మంట ఏ దిక్కున ఉందో కనిపెట్టే చాలా అందమైన పనిముట్టు. మ్యాపు చుట్టూ డిగ్రీల వలయం, అటు చివర నిలువుగా కట్టిన గుర్రపు వెంట్రుక. ఇటు సన్నటి చీలికలోంచి చూస్తూ వెంట్రుకను పొగ మీదికి తెచ్చి డిగ్రీ చదవాలి. ఒక టవర్ చెప్పేది దిక్కే. రెండో టవర్ గీత దాన్ని ఎక్కడ ఖండిస్తే మంట అక్కడ.