ఫిజిక్స్ పీహెచ్‌డీ నుంచి సైన్స్ ఎడ్యుకేషన్ రీసెర్చ్‌కి: మొదటి స్టడీ, ఉద్యోగాల గురించి

లోలకం:
ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ అయింది. డిగ్రీ మొదటి ఏడాదికి మెకానిక్స్ చెబుతున్నాను. ఇకపై సైన్స్ ఎడ్యుకేషన్ రీసెర్చ్ చేయాలనుంది. నా చేతిలో రెండు సెక్షన్లున్నాయి, ఒక్కోదాంట్లో 60 మంది. ఒకదానికి మామూలు లెక్చర్, రెండోదానికి గ్రూపు చర్చలు పెట్టి, సెమిస్టర్ చివరి మార్కులకు టీ-టెస్ట్ (రెండు సగటుల తేడాను చూసే గణాంక పరీక్ష) చేస్తే పేపరవుతుందా? ఎడ్యుకేషన్‌లో ఇంకో డిగ్రీ కావాలా? ఉద్యోగాలు ఏ డిపార్ట్‌మెంట్‌లో వెతకాలి?

గ్రాఫ్‌పేపర్:
ఈ రూపంలో అయితే తిరిగొస్తుందండీ. ముందు ప్రశ్న సంగతి. లెక్చర్ మేలా, చర్చ మేలా అన్నది ఇప్పుడు పాత ప్రశ్న. 225 స్టడీలను కలిపి 2014లో వచ్చిన విశ్లేషణలో, లెక్చర్ మాత్రమే విన్న క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లని తేలింది. అదే మళ్ళీ చూపిస్తే రివ్యూయర్‌కు కొత్తేమీ కనిపించదు. "న్యూటన్ మూడో సూత్రం మీద చర్చలో విద్యార్థి ఏ మాటకు తన అభిప్రాయం మార్చుకుంటున్నాడు?" లాంటి చిన్న ప్రశ్న పట్టుకోండి.

రెండోది లెక్క. మీరు పద్ధతి మార్చింది సెక్షన్‌కి, విద్యార్థికి కాదు. 120 మంది ఉన్నా పోల్చుతున్నవి రెండే. ఒక సెక్షన్ పొద్దున, ఇంకోటి భోజనం తర్వాత అయితే తేడా పద్ధతిదో వేళదో ఎవరూ చెప్పలేరు. సెక్షన్లు పెంచినా ఒకే క్లాసు పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి శాంపిల్ కుంచించుకుపోతుంది. ఎన్ని రెట్లు కుంచించుకుపోతుందో చెప్పే సూత్రం: 1 + (m − 1) × ఐసీసీ. m అంటే సెక్షన్‌లో విద్యార్థుల సంఖ్య, ఐసీసీ అంటే ఒకే సెక్షన్ వాళ్ళు ఎంత పోలి ఉంటారో చెప్పే అంకె. సెక్షన్‌కి 40 మంది, ఐసీసీ 0.1 అనుకుంటే 4.9 వస్తుంది. అంటే ఆరు సెక్షన్ల 240 మంది, గణాంకాల దృష్టిలో 49 మంది విలువే. టీ-టెస్ట్‌కి ఇది తెలియదు, అందుకే పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) అబద్ధమాడుతుంది. విద్యార్థినీ సెక్షన్‌నీ వేర్వేరు స్థాయిలుగా లెక్కించే మల్టీలెవెల్ మోడల్ నేర్చుకోండి, కానీ రెండు సెక్షన్లను అదీ కాపాడలేదు.

సెమిస్టర్ మార్కులనూ కొలబద్దగా తీసుకోవద్దు. పేపరు సెట్ చేసిందీ దిద్దిందీ మీరే కదా. మెకానిక్స్‌కి ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే ప్రామాణిక పరీక్ష ఉంది. 1992లో వచ్చింది, ఇప్పుడు వాడేది 30 ప్రశ్నల రూపం. మొదటి వారంలో ఒకసారి (ప్రీ), చివర్లో ఒకసారి (పోస్ట్), రెండుసార్లూ ఒకే సమయమిచ్చి పెట్టండి. ప్రశ్నపత్రాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, ఒక్కటి బయటికి పోయినా తర్వాతి బ్యాచ్ డేటా పాడే. ఆ మార్కులు గ్రేడ్‌లో కలపకండి, రాసినందుకు మాత్రం చిన్న క్రెడిట్ ఇవ్వండి. లేకపోతే పోస్ట్‌టెస్ట్‌లో సగం మంది కళ్ళు మూసుకుని టిక్కులు పెడతారు.

లోలకం:
థాంక్సండీ. ప్రతి విద్యార్థికీ నార్మలైజ్డ్ గెయిన్ (పెరగడానికి ఉన్న మార్కుల్లో ఎంత వంతు పెరిగాయో) లెక్కగట్టి సగటు తీస్తే సరిపోతుందా?

గ్రాఫ్‌పేపర్:
(పోస్ట్ − ప్రీ) ÷ (100 − ప్రీ) విడివిడిగా వేస్తే ఒకటి గమనించండి. 90 నుంచి 80కి పడిన విద్యార్థికి −1 వస్తుంది, 20 నుంచి 10కి పడినవాడికి −0.125. పడింది ఇద్దరూ పదే. ప్రీ 100 ఉంటే లెక్కే లేదు. 1998లో 6,000 మందికి పైగా విద్యార్థుల మీద వచ్చిన ప్రసిద్ధ స్టడీ వాడింది క్లాసు సగటులనే. సంప్రదాయ క్లాసుల్లో 0.23, చర్చలున్నవాటిలో 0.48. పాత పేపర్లతో పోల్చాలంటే దాన్నే ఇవ్వండి. విద్యార్థి స్థాయికి మాత్రం ప్రీ మార్కును కోవేరియేట్‌గా పెట్టిన రిగ్రెషన్ (ప్రీ మార్కుల తేడాను లెక్కలోకి తీసుకుని పోస్ట్ మార్కును అంచనా వేసే మోడల్) మేలు.

ఇంకుపెన్ను:
అంకెలు సరే, గ్రాఫ్‌పేపర్ చెప్పిన చిన్న ప్రశ్నకు జవాబు ఇంటర్వ్యూల్లోనే ఉంటుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి సెమిస్టర్ మొదలవకముందే తీసుకోండి. డేటా సేకరించాక వెళితే చాలా కమిటీలు తలుపు వేసేస్తాయి. మార్కులు వేసేవారే సమ్మతి పత్రం చేతికిస్తే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? వేరొకరితో ఇప్పించి, గ్రేడ్లు వెళ్ళేదాకా ఎవరు ఒప్పుకున్నారో మీకు తెలియకుండా చూడండి. ప్రీ, పోస్ట్ కలిపే కోడ్‌ని విద్యార్థుల్నే తయారు చేసుకోమంటే మూడు నెలల తర్వాత చాలామందికి గుర్తుండదు. ఏ కోడ్ ఎవరిదో చూపే పట్టిక ఇంకొకరి దగ్గర పెట్టండి.

ఇంటర్వ్యూలో "అర్థమైందా?" అని అడిగితే అవునంటారు, అంతే. లెక్క చేతికిచ్చి పైకి ఆలోచించమనండి, మౌనం వస్తే "ఇప్పుడేం చూస్తున్నారు?" అని మాత్రమే అడగండి. గంట రికార్డింగ్ రాతలోకి దించడానికి నాలుగైదు గంటలు పడుతుంది. కోడ్‌బుక్ (ఏ తరహా మాటకు ఏ లేబుల్, అంటే కోడ్, వేయాలో చెప్పే జాబితా) అయ్యాక ట్రాన్స్‌క్రిప్ట్‌లలో ఐదో వంతైనా ఇంకొకరు విడిగా కోడ్ చేయాలి. ఏకీభావాన్ని శాతంలో చెబితే చాలదు, ఎక్కువ వాక్యాలు ఒకే కోడ్‌లో పడితే యాదృచ్ఛికంగానే 85 శాతం కలవొచ్చు. యాదృచ్ఛికంగా కలిసేదాన్ని మినహాయించి ఏకీభావాన్ని కొలిచే కోహెన్ కాపా ఇవ్వండి. 0.6 దాటకపోతే నిర్వచనం వదులుగా ఉందన్నమాట: దాన్ని బిగించి, కొత్త ట్రాన్స్‌క్రిప్ట్‌ల మీద మళ్ళీ చేయాలి.

సీనియర్ సీటు:
ఉద్యోగాల ముక్క నేను చెబుతాను. ఎడ్యుకేషన్ డిగ్రీ తప్పనిసరేం కాదు. క్వాలిటేటివ్ మెథడ్స్, గణాంకాలు, లెర్నింగ్ థియరీ, ఒక్కోదాంట్లో ఒక గట్టి కోర్సు, ఆపైన ఎడ్యుకేషన్ రీసెర్చ్ గ్రూపులో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) చాలు. ఫిజిక్స్ నుంచి వచ్చేవాళ్ళు థియరీని అలంకారమనుకుని వదిలేస్తారు, పేపర్లు అక్కడే ఆగుతాయి. ఏ థియరీ మీద నిలబడ్డారో చెప్పకపోతే మీ కోడ్‌లు అలాగే ఎందుకున్నాయో రివ్యూయర్‌కు తెలియదు.

ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే క్లాసులు, ల్యాబ్‌లు, కంటెంట్ మీద మాటకు విలువ చేతిలో ఉంటాయి. కానీ ప్రమోషన్ కమిటీలో మీ పని చదవగలిగినవారు ఒక్కరూ లేకపోవచ్చు. ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో చదివేవారుంటారు, క్లాసులోకి వెళ్ళడానికి మాత్రం ఇంకొకర్ని బతిమాలాలి. నా ఓటు మొదటిదానికే, ఒక షరతు మీద: ఫిజికల్ రివ్యూ ఫిజిక్స్ ఎడ్యుకేషన్ రీసెర్చ్ అనే జర్నల్‌లో వచ్చిన పేపర్‌ని మిగతా ఫిజిక్స్ పేపర్లతో సమానంగా లెక్కిస్తారా, బయటి రివ్యూయర్లను ఈ రంగం నుంచే పిలుస్తారా అన్నవి చేరకముందే కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్న హెడ్ మూడేళ్ళలో మారిపోతారు.