టెక్సస్ కౌంటీ బడ్జెట్ మధ్యలో మారుస్తున్నారు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా కౌంటీ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలైంది. ఇప్పుడు లైబ్రరీకి కేటాయించిన డబ్బును రోడ్ల మరమ్మతులకు మళ్లించే అంశాన్ని పాలకమండలి, అంటే కమిషనర్స్ కోర్టు, అజెండాలో పెట్టారు. పిల్లలూ పెద్దవాళ్లూ రోజూ వెళ్లే చోటు అది. చాలా బాధగా, టెన్షన్‌గా ఉంది.

టెక్సస్ చట్టంలో కొత్త ఖర్చు చేర్చాలంటే ముందే ఊహించలేని అత్యవసర పరిస్థితి ఉండాలి. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చడానికి మాత్రం ఆ షరతు లేదు, సభ్యుల ఓటు చాలు. నాకు ఇదే అన్యాయంగా అనిపిస్తోంది. 2019లో వచ్చిన చట్టం వల్ల అజెండాలోని అంశంపై మనం మాట్లాడొచ్చు.

ఇలాంటి మళ్లింపును ఆపించిన అనుభవం ఎవరికైనా ఉందా? ఇచ్చే కొద్ది నిమిషాల్లో ఏం చెబితే వింటారు? ముందుగా మా ప్రాంత కమిషనర్‌ను కలవాలా, కౌంటీ ఆడిటర్‌ను లెక్కలు అడగాలా? దయచేసి చెప్పండి.