బేసి పరిపూర్ణ సంఖ్య ‘లేదు’ అని బడి చార్టుపై రాయవచ్చా?

దేవరకొండ, గణిత ఉపాధ్యాయురాలు:
డిసెంబరు 22న జరిగే గణిత దినోత్సవం కోసం మా పిల్లలు 6, 28, 496, 8128లతో చార్టు వేసి, కింద ‘పరిపూర్ణ సంఖ్యలన్నీ సరి సంఖ్యలే’ అని రాశారు. కారణాంకాలన్నింటినీ, ఆ సంఖ్యతో సహా, కూడితే సరిగ్గా రెట్టింపు వచ్చేదే పరిపూర్ణ సంఖ్య. ఆ వాక్యాన్ని ఉంచాలా, తీసేయాలా?

మహబూబ్‌నగర్, విశ్రాంత అధ్యాపకుడు:
ఉంచండమ్మా. 10 యొక్క 1500వ ఘాతం దాకా బేసి పరిపూర్ణ సంఖ్య లేదని 2012లో గణితవేత్తలు ఓషెమ్, రావు చూపించారు. అంత దూరం కంప్యూటరు వెతికినా దొరకని దాని కోసం పిల్లలను సందేహంలో పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

మిర్యాలగూడ, పరిశోధక విద్యార్థి:
సార్, అన్ని సంఖ్యలను ఒక్కొక్కటిగా వెతకడం ఏ కంప్యూటరుకూ సాధ్యం కాదు. వారు సాధించింది సరి–బేసి తర్కం ఇచ్చిన ఆకారాన్ని పట్టుకుని, ఒక్కో అవకాశాన్నీ తోసిపుచ్చడం ద్వారానే. ఆ తర్కం తొమ్మిదో తరగతి పిల్లలకూ అందుతుంది. 9 కారణాంకాలు 1+3+9 కూడితే 13, బేసి; 27కు వచ్చేసరికి 27 కూడా కలిపితే 40, సరి. అంటే బేసి ప్రధాన సంఖ్య ఘాతాంకం సరి అయితే ఆ ఘాతపు కారణాంకాల మొత్తం బేసి, ఘాతాంకం బేసి అయితే మొత్తం సరి. ఏ సంఖ్య కారణాంకాల మొత్తమైనా ఇలాంటి మొత్తాల లబ్ధమే; బేసి సంఖ్యకు రెట్టింపులో 2 ఒక్కసారే ఉంటుంది కనుక, బేసి పరిపూర్ణ సంఖ్యలో ఒకే ఒక్క ప్రధాన కారణాంకానికి బేసి ఘాతాంకం ఉండి, మిగిలినదంతా వర్గసంఖ్య కావాలి. ఇది ఆయిలర్ ఫలితం. దొరకలేదు కనుక లేదనడం మాత్రం ప్రమాదం: ఏ హద్దు దాకా చూసినా కనీసం సగం సంఖ్యలకు ప్రధాన కారణాంకాల సంఖ్య (మళ్లీ వచ్చినవాటినీ లెక్కిస్తే) బేసిగా ఉంటుందని గణితవేత్త పోల్యా చేసిన ఊహ 90,61,50,257 దగ్గర మొదటిసారి తప్పింది.

మహబూబ్‌నగర్, విశ్రాంత అధ్యాపకుడు:
పోల్యా ఊహకు ఇన్ని షరతులు లేవు కదా నాయనా. బేసి పరిపూర్ణ సంఖ్యకైతే కనీసం పది వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఉండాలని కూడా తేలింది. ఇన్ని షరతులు ఒకే సంఖ్యలో కుదురుతాయని నేను నమ్మను.

మిర్యాలగూడ, పరిశోధక విద్యార్థి:
నేనూ నమ్మను సార్, కానీ నమ్మకాన్ని సిద్ధాంతంగా చార్టుకెక్కించకూడదు. గణితవేత్త డెకార్ట్ చూపిన 198585576189ను చూడండి: అది 3, 7, 11, 13ల వర్గాల లబ్ధాన్ని 22021తో గుణించినది. 22021 ప్రధాన సంఖ్యే అయి ఉంటే కారణాంకాల మొత్తం సరిగ్గా రెట్టింపు వచ్చి లెక్క కుదిరేది. అది 19×19×61 కావడమే అడ్డు వచ్చింది. మేడం, చార్టుపై ‘ఇప్పటివరకు దొరికినవన్నీ సరి సంఖ్యలే’ అని మార్చి, పక్కన ఈ సంఖ్యను రాయించండి. పిల్లలు కారణాంకాలు విడగొట్టి చూసుకుంటారు.