కెర్నల్ పడిపోతే స్క్రీన్ మీద చూపియ్యాల్నా, వద్దా?

ఓరుగల్లు_పెంగ్విన్:
హనుమకొండల ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్, 60 లినక్స్ సిస్టమ్స్. కెర్నల్ ప్యానిక్ (లినక్స్ గుండె లాంటి కెర్నల్ కోలుకోలేని తప్పు తగిలి ఆగిపోవుడు) అయితే డెస్క్‌టాప్ బొమ్మ అట్లనే నిలబడిపోతది, పిల్లలు పవర్ బటన్ నొక్కుతరు, ఎందుకు పడిందో ఎవరికీ తెల్వది. 2024ల కెర్నల్ 6.10తోని డీఆర్‌ఎం ప్యానిక్ వచ్చింది, అంటే పడిపోయినప్పుడు ఆ సంగతి తెర మీదనే చూపే సౌకర్యం. ఆన్ చేద్దామని సగం మంది, వద్దని సగం మంది. మీరేమంటరు?

మానేరు_కోడర్:
వద్దు. పడిపోయే టైంల గ్రాఫిక్స్ డ్రైవర్‌ని ముట్టుకునుడు ఎందుకు? అసలు తప్పు చేసిందే ఆ డ్రైవర్ అయితే, దొంగతోనే పంచనామా రాయించినట్టు. పీస్టోర్ (ఆఖరి లాగ్‌ను రీబూట్ తర్వాత దొరికేటట్టు దాచేది) పెట్టి, కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే బూట్ లైన్ల ప్యానిక్=10 అని రాస్తే అయిపాయె. పది సెకండ్లకు అదే రీబూట్ అయితది, లాగ్ తర్వాత తీరుబడిగ చదువుకోవచ్చు.

భద్రకాళి_బండ్:
అన్నా, డీఆర్‌ఎం ప్యానిక్ డ్రైవర్‌ని మొత్తం నడపదు. మోడ్ మార్చదు, మెమరీ అడగదు, నిద్రపోదు. డ్రైవర్‌ని అడిగేది ముఖ్యంగ ఒక్కటే: ఇప్పుడు తెరకు పోతున్న బఫర్ (బొమ్మ ఉన్న మెమరీ) యాడున్నది, వెడల్పెంత, పిక్సెల్ ఫార్మాట్ ఏంది? ఆ తర్వాత పిక్సెల్స్ రాసేది సీపీయూనే. లాక్ కోసం ఒక్కసారి ప్రయత్నిస్తది, దొరక్కపోతే బొమ్మ గియ్యకుంటనే పక్కకు జరుగుతది.

కెర్నల్ మెసేజ్‌లను తెర మీద అక్షరాలల రాసే పాత ఫ్రేమ్‌బఫర్ కన్సోల్‌కు ఇది చేతకాదు. డెస్క్‌టాప్ నడుస్తుంటే వీటీ (కెర్నల్ ఇచ్చే వర్చువల్ టెర్మినల్) గ్రాఫిక్స్ మోడ్‌ల ఉంటది, అందుకే అది గియ్యదు. గీసినా, చాలా డ్రైవర్లల ఆ మార్పును తెర దాకా తెచ్చేది ఒక వర్కర్, అంటే వెనక నడిచే కెర్నల్ పని. ప్యానిక్‌ల, ఏ పని ఎప్పుడు నడవాల్నో చూసే షెడ్యూలరే నడవకపోతే వర్కర్‌ను లేపేదెవరు?

మానేరు_కోడర్:
బఫర్ టైలింగ్‌ల ఉంటే? పిక్సెల్స్ వరుసగ ఉండయి, ముక్కలు ముక్కలుగ ఉంటయి. నేరుగ రాస్తే తెర మీద చెత్త తప్ప ఏమీ రాదు.

భద్రకాళి_బండ్:
ఆ మాట నిజమే. అందుకే ఇది ప్రతి డ్రైవర్‌ల విడిగ రాయవలసి వచ్చింది. 6.10ల సింపుల్‌డీఆర్‌ఎం, సర్వర్ బోర్డుల మీది ఏఎస్‌టీ, ఎంజీఏజీ200 లాంటి సాదా డ్రైవర్లతోనే మొదలైంది. మీ మెషీన్ల ఏ డ్రైవర్ నడుస్తుందో, ఆ కెర్నల్ వెర్షన్‌ల దానికి సపోర్ట్ ఉన్నదో లేదో ముందు చూడుండ్రి. అది చూడకుండ వాదన దండుగ.

జమ్మికుంట_జీపీయూ:
ఇద్దరూ ఒకటి మర్చిపోయిన్రు. కేడంప్ (పడిపోయినప్పుడు మెమరీని ఫైల్‌ల దాచే ఏర్పాటు) లోడ్ అయి ఉంటే ఈ స్క్రీన్ అసలు రాదు. ప్యానిక్ కాంగనే కెర్నల్ ముందు, అందుకోసమే పక్కకు పెట్టిన క్రాష్ కెర్నల్‌లకే దుంకుతది, మెసేజ్ పంచే పని ఆ తర్వాతది. రెండూ కావాల్నంటే క్రాష్ కెఎక్సెక్ పోస్ట్ నోటిఫయర్స్ అనే బూట్ పారామీటర్ ఉన్నది, కానీ దాంతోని డంప్ దొరికే నమ్మకం కొంచెం తగ్గుతది. ల్యాబ్ పీసీలకు కేడంప్ ఎందుకు, 256 ఎంబీ పక్కకు పెట్టుడు తప్ప.

ఇగ ప్యానిక్=10 సంగతి. లాగ్‌ను ఫోన్‌తోని స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ లెక్క చూపే స్క్రీన్ పెట్టి పది సెకండ్లే ఇస్తే, పిల్లగాడు ఫోన్ తీసి కెమెరా తెరిచేలోపల మెషీన్ మళ్ల లేస్తది. కనీసం 60 ఇయ్యుండ్రి.

ఓరుగల్లు_పెంగ్విన్:
క్యూఆర్ పెట్టాల్నా, లాగ్ పెట్టాల్నా?

జమ్మికుంట_జీపీయూ:
ఈ స్క్రీన్‌ల మూడు రకాలున్నయి: యూజర్, కెమెసేజ్ (లాగ్‌ను అక్షరాలల చూపేది), క్యూఆర్. యూజర్‌ల రీబూట్ చెయ్యుమనే మాట తప్ప పనికొచ్చేది పెద్దగ ఉండది. క్యూఆర్ 6.12ల వచ్చింది, దాని ప్రోగ్రామ్‌ను రస్ట్ భాషల రాసిన్రు. అన్నిటికంటె పెద్ద సైజు, అంటే వెర్షన్ 40ల, అడ్డం 177 గడులు, నిలువు 177. 1080 లైన్ల మానిటర్ల గడికి నాలుగు పిక్సెల్స్ వస్తయి, బాగనే చదువుతది. 768 లైన్ల పాత మానిటర్ల మూడే, దాని మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడితే ఫోన్ పట్టుకోదు. అసుంటి వాటికి సైజు తగ్గియ్యుండ్రి, లాగ్ కొంచెం తక్కువ పడుతది, అంతే. కాన్ఫిగ్‌ల వెబ్ అడ్రస్ ఇస్తే లాగ్‌ను జెడ్‌లిబ్‌తోని కుదించి పెడతది. ఇయ్యకపోతే ఉన్నదున్నట్టు టెక్స్టే, ఎంతచేసినా మూడు కేబీ లోపలనే.

మానేరు_కోడర్:
లాగ్ బయటి సర్వర్‌కు పోవుడు నాకు నచ్చదు.

భద్రకాళి_బండ్:
అడ్రస్‌ల # తర్వాతది బ్రౌజర్ సర్వర్‌కు పంపదు. డేటా ఆడ పెట్టి, పేజీలనే జావాస్క్రిప్ట్‌తోని విప్పితే బయటికి పోదు. అయినా అనుమానముంటే అడ్రస్ ఖాళీగ పెట్టుండ్రి.

మానేరు_కోడర్:
సరే, స్క్రీన్ ఉండనీయుండ్రి. పీస్టోర్ మాత్రం తియ్యద్దు. లాగ్‌ను ర్యామ్‌ల దాచే ర్యామ్‌ఊప్స్ పెట్టిన్రంటే పవర్ బటన్ నొక్కుడుతోనే అంతా పోతది, అది కరెంటు తియ్యకుండ చేసే వార్మ్ రీబూట్‌కే. ఈఎఫ్‌ఐ పీస్టోర్ అయితే మదర్‌బోర్డు ఫ్లాష్‌ల రాస్తది, కరెంటు పోయినా ఉంటది. కొన్ని కెర్నల్స్‌ల అది డిఫాల్ట్‌గ ఆఫ్ అయి ఉంటది, చూసుకోండ్రి.

జమ్మికుంట_జీపీయూ:
60 సిస్టమ్స్‌కు ఒక్కసారే పెట్టకుండ్రి. ఒక్క మెషీన్‌ల ఫైల్స్ సేవ్ చేసి, సింక్ కమాండ్ కొట్టి, రూట్‌గ ప్రాక్‌ల ఉన్న సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్‌ల సి అనే ఇంగ్లిష్ అక్షరం రాయుండ్రి. ఆ క్షణమే ప్యానిక్. టెక్స్ట్ కన్సోల్‌ల ఒకసారి, డెస్క్‌టాప్ నడుస్తుంటే ఒకసారి, రెండు మానిటర్లుంటే రెండూ పెట్టి ఒకసారి. డెస్క్‌టాప్ మీద రాకుండ కన్సోల్‌లనే వస్తే, మీరు చూస్తున్నది పాత ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ కావచ్చు.

ఓరుగల్లు_పెంగ్విన్:
రేపు ఒక దాంట్ల చేసి ఫొటో పెడత.